తడిస్తేనే వాసన: టవల్ ఎందుకు ముక్కిపోతుంది, ఎలా బాగు చేసుకోవాలి

ఉతికి ఆరేసిన టవల్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు. స్నానం చేసి మొహం తుడుచుకోగానే గుప్పుమంటుంది. జూన్‌లో వానలు మొదలైన దగ్గర్నుంచి అక్టోబరు దాకా హైదరాబాద్ ఫ్లాట్లలో ఇది ఇంటింటి గొడవే. పౌడర్ మార్చి చూస్తారు, కంఫర్ట్ ఇంకో మూత ఎక్కువ పోస్తారు, చివరికి టవలే మార్చేస్తారు. నెల తిరిగేసరికి కొత్త టవల్ కూడా అదే దారి పడుతుంది.

మూడు సంగతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల వచ్చే తంటా ఇది: పోగుల్లో మిగిలిపోయిన జిడ్డు, ఆ జిడ్డు మీద బతికే బ్యాక్టీరియా, టవల్ తడిగా ఉండే సమయం. ఉతికితే మొదటి రెండూ తగ్గుతాయి గానీ మూడోదాని జోలికి అది పోదు. ఆరబెట్టే పద్ధతి మారిస్తే మూడోది సర్దుకుంటుంది, కానీ పాత జిడ్డు అక్కడే ఉంటుంది. ఒకదాన్ని సరిచేసి మిగతావి వదిలేస్తే వాసన కొద్ది రోజుల్లోనే తిరిగొస్తుంది. ఈ మూడింట్లో పెద్ద దోషి ఏదంటే, మా లెక్కలో సమయమే.

వాసన పుట్టేది ఎక్కడ

ఉతికిన బట్టలు తడిసినప్పుడు వచ్చే ఆ మురికిగుడ్డ వాసనకి మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. మన ఒంటి నుంచి పోగులకి అంటిన కొవ్వునీ మురికినీ వాడుకుని అది 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అణుమాత్రం ఉన్నా మన ముక్కు దీన్ని పసిగడుతుంది. ఈ సూక్ష్మజీవికి మొండితనం కూడా ఎక్కువే. ఎండిపోయినా చావదు, అతినీలలోహిత కిరణాలనూ బాగానే తట్టుకుంటుంది. అందుకే డాబా మీద ఎండలో పెట్టిన టవల్ ఆ పూటకి బాగానే ఉండి, మర్నాడు నీళ్లు తగలగానే మళ్లీ మొదటికొస్తుంది. ఎండ నీటిని తీసేసింది, అంతవరకే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దీనివల్ల మామూలుగా ఏ హానీ లేదు. ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే మాత్రం సంగతి వేరు. అది టవల్ ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది కాబట్టి వాళ్ల టవల్ వేరుగా ఉండాలి, వేడినీళ్లలో వేరుగా ఉతకాలి.

బూజు మరో రకం. నల్లటి, బూడిద రంగు చుక్కలు కనిపించి, తడిమట్టి లాంటి వాసన వస్తే అది ఫంగస్. దానికి చేసే వైద్యం కూడా వేరే, కింద చెప్తాం.

ముందు తప్పు టవల్‌దో కాదో తేల్చుకోవాలి. ఆరిన టవల్‌ని బాత్‌రూం నుంచి బయటికి తెచ్చి, ఒక మూలని వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి, పిండి, వాసన చూడండి. అక్కడ కూడా వస్తే దోషం టవల్‌ది. బాత్‌రూంలో వాసన వచ్చి హాల్లో రాకపోతే నేల మీది నహానీ ట్రాప్‌ని అనుమానించాలి. దానిలో రెండంగుళాల లోతున నిలిచే నీరే డ్రైనేజీ గాలిని ఆపుతుంది. వాడని గెస్ట్ బాత్‌రూంలో ఏప్రిల్, మే నెలల్లో ఆ నీరు ఎండిపోతుంది. రెండు మగ్గుల నీళ్లు పోస్తే సరిపోయేదానికి టవల్స్ అన్నీ ఉతుక్కోవడం అనవసరం.

జిడ్డు, బోరు నీళ్లు

టవల్ శుభ్రమైన ఒంటినే తుడుస్తుంది కదా, మురికి ఎక్కడిది అనిపిస్తుంది. సబ్బు పెట్టినా చర్మం మీద నూనె పూర్తిగా పోదు, రాలే చర్మం పొట్టు సరేసరి. మన ఇళ్లలో దీనికి తలంటు తోడవుతుంది. ఆదివారం నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండో కుంకుడు రసమో వాడి తలస్నానం చేస్తే, జుట్టులో మిగిలిన నూనె, పిండి రేణువులు నేరుగా టవల్ లూపుల్లోకి వెళ్తాయి. తలంటు రోజుకి ఒక పాత పల్చటి తువ్వాలు వేరుగా పెట్టుకుంటే సగం సమస్య అక్కడే ఆగుతుంది.

ఇక నీళ్లు. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో మంజీరా నీళ్లూ (మున్సిపల్ సరఫరా) బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. శివార్లలో అయితే బోరు, ట్యాంకరే ఆధారం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఆ మొదటి గీత దాటే ఉంటాయి. అలాంటి నీళ్లలో ఒంటి సబ్బు, బట్టల సబ్బు నురగ రావు. కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి జిగురు తెట్టు అవుతాయి. బాత్‌రూం టైల్స్ మీద గీకితే పొట్టులా లేచేది, బకెట్ లోపలి అంచున పట్టేది ఇదే. టవల్ లూపుల మొదళ్లలో కూడా ఇదే చేరుతుంది, కాకపోతే అక్కడ కంటికి కనపడదు. నీళ్లలో కరగదు కాబట్టి ఎన్నిసార్లు జాడించినా పోదు, పైగా ఒంటి జిడ్డుని తనలో పట్టి ఉంచుతుంది.

మీ నీళ్ల సంగతి తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. రెండు ఖాళీ సీసాలు తీసుకుని ఒకదాంట్లో ఆర్వో నీళ్లు, రెండోదాంట్లో కుళాయి నీళ్లు సగం దాకా పట్టండి. రెండింట్లో వేలెడంత స్నానం సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. కుళాయి సీసాలో నురగ నిలవకుండా పాలు విరిగినట్టు తెట్టు తేలితే మీవి కఠిన జలాలే. ఈ పరీక్షకి డిటర్జెంట్ పనికిరాదు, అది కఠిన జలాల్లో కూడా ఎంతో కొంత నురుగుతుంది. టీడీఎస్ మీటర్ అంకెనీ కాఠిన్యం అనుకోవద్దు, అందులో ఉప్పులన్నీ కలిసి ఉంటాయి.

ఫ్యాబ్రిక్ కండిషనర్ ఈ కథలో మంచివాడి వేషం వేసిన పాత్ర. బట్ట మెత్తగా అనిపించేది దానిలోని కొవ్వు పదార్థం పోగుల మీద పూతలా పట్టడం వల్ల. చీరలకీ చొక్కాలకీ అది బాగానే ఉంటుంది. టవల్‌కి ఆ పూత రెండు విధాల చేటు: నీళ్లు పీల్చనివ్వదు, సూక్ష్మజీవులకి మేత అవుతుంది. ఆరిన టవల్ మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే ఇంకితే సరే. ముత్యంలా నాలుగైదు సెకన్లు నిలబడితే పూత పట్టిందన్నమాట. కొత్త టవల్స్ మీద కూడా దుకాణంలో మెత్తగా తగలడానికి ఇలాంటి పూతే ఉంటుంది. అందుకే వాడకముందు రెండుసార్లు ఉతకాలి.

గాలిలో ఖాళీ ఎంత

70 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు, 500 జీఎస్ఎం (చదరపు మీటరుకు 500 గ్రాములు) టవల్ బరువు సుమారు 490 గ్రాములు. తలస్నానం చేసి తుడుచుకున్నాక అది 120 గ్రాముల నీళ్లు పట్టిందనుకుందాం. ఆ నీరంతా గాలిలోకే వెళ్లాలి. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. వానాకాలంలో తేమ 85 శాతం ఉన్న రోజున అందులో ఇప్పటికే 19.5 గ్రాములు ఉంటాయి, మిగిలిన చోటు మూడున్నర గ్రాములే. 120 గ్రాములు ఎక్కాలంటే దాదాపు 35 ఘనపు మీటర్ల గాలి కావాలి. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో, 20 శాతం తేమలో అయితే ఒక ఘనపు మీటరులో 40 గ్రాములకు పైగా చోటుంటుంది, 3 ఘనపు మీటర్లు చాలు. నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలి చల్లబడుతుంది కాబట్టి అసలు అవసరం రెండు సందర్భాల్లోనూ దీనికంటే ఎక్కువే. అయినా తేడా ఎంతో ఈ లెక్క చూపిస్తుంది.

5 అడుగులు, 8 అడుగుల బాత్‌రూం, 9 అడుగుల ఎత్తు అంటే 360 ఘనపు అడుగులు, సుమారు 10 ఘనపు మీటర్లు. వేడినీళ్ల స్నానం అయ్యాక అందులో ఖాళీ దాదాపు సున్నా. అక్కడే కొక్కేనికి తగిలించి తలుపు మూసేస్తే టవల్ సాయంత్రానికి కూడా ఆరదు. సూక్ష్మజీవులకి రోజంతా విందే.

టవల్ కంటే ముందు చూడాల్సింది నేల. 40 చదరపు అడుగుల టైల్స్ మీద 0.2 మిల్లీమీటర్ల పల్చటి తడి పొర మిగిలినా అది ముప్పావు లీటరు నీళ్లు, టవల్‌లో ఉన్నదానికి ఆరు రెట్లు. ఆ నీరు గాలిలోకి ఎక్కుతున్నంత సేపూ టవల్‌కి వంతు రాదు. స్నానం అయ్యాక వైపర్‌తో నేల, గోడల కింది భాగం ఒక్క నిమిషం లాగేస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేసే పనిలో పెద్ద వాటా అక్కడే తీరిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలా ఇళ్లలో వైపర్ తలుపు వెనకే నిలబడి ఉంటుంది.

తర్వాత మడతలు. బాత్‌రూముల్లో సాధారణంగా బిగించే స్టీల్ రాడ్ 24 అంగుళాలది, అంటే 60 సెంటీమీటర్లు. 70 సెంటీమీటర్ల టవల్ దాని మీద పరుచుకోదు, అందుకని నిలువునా ఒక మడత, అడ్డంగా ఒక మడత వేసి వేలాడదీస్తారు. నాలుగు పొరలు. లోపలి రెండు పొరలకి గాలే తగలదు. కొక్కెం అయితే ఇంకా ఘోరం, పట్టుకున్న చోట గుడ్డంతా ముద్దగా ఉంటుంది. వాసన ఎప్పుడూ ఆ ముద్ద దగ్గరే మొదలవుతుంది, చూసుకోండి. 30 అంగుళాల రాడ్లు రెండు, మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో బిగించి, టవల్‌ని రెండింటి మీదుగా వేస్తే రెండు భాగాలూ ఒకదానికొకటి తగలవు. ఒక రాడ్ మీద ఒకే టవల్. ఇల్లు అద్దెదైతే డ్రిల్లింగ్ గొడవ లేకుండా, బాల్కనీలో తాళ్లతో పైకి లాగే డ్రయర్ మీద ఒకటి విడిచి ఒకటి రాడ్ వాడుకుంటే ఇదే పని జరుగుతుంది.

వానపట్టి బాల్కనీలో కూడా ఆరకపోతే పడకగదిలో సీలింగ్ ఫ్యాన్ కింద స్టాండు మీద వేసి, కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంచాలి. అన్నీ మూసేస్తే ఆ తేమ గదిలోనే తిరుగుతుంది, రేపు పరుపు వాసన మొదలవుతుంది. ఏసీ ఉన్నవాళ్లు కిటికీ మూసి డ్రై మోడ్ పెట్టుకోవచ్చు. అది నీటిని పైపు ద్వారా బయటికి పంపేస్తుంది కాబట్టి ఇక్కడ మూసిన గదే మంచిది.

ఆరిందో లేదో చేతికి సరిగా తెలియదు, చల్లగా ఉందా తడిగా ఉందా అన్నది మోసం చేస్తుంది. వంటింట్లో తూకం మిషన్ ఉంటే ఎండాకాలంలో బాగా ఆరిన టవల్ బరువు రాసి పెట్టుకోండి. వానాకాలంలో నూలు గాలి నుంచే 20, 30 గ్రాముల తేమ పీల్చుకుంటుంది, ఆ తేడాని వదిలేయండి. అంతకు మించి ఉంటే ఇంకా ఆరలేదు. పొద్దున స్నానం చేస్తే మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ బరువుకి రావాలి. రాకపోతే ఆరేసే చోటు మార్చాల్సిందే, పౌడర్ మార్చి లాభం లేదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగితే చాలదు

గంటకి ఎనిమిదిసార్లు గాలి మారాలన్నది బాత్‌రూములకి వాడే మామూలు లెక్క. మన 360 ఘనపు అడుగుల గదికి అది నిమిషానికి 48 ఘనపు అడుగులు, అంటే 48 సీఎఫ్ఎం. ఆరంగుళాల ఫ్యాన్ల డబ్బాల మీద ఇంతకంటే చాలా ఎక్కువ రాసి ఉంటుంది. మరి ఎందుకు పనిచేయదు?

మొదటిది, గాలి లోపలికి వచ్చే దారి లేదు. తలుపు కింద సందుని గుడ్డతోనో రబ్బరు పట్టీతోనో మూసేసి, వెంటిలేటర్ అద్దాలు కూడా మూసేస్తే ఫ్యాన్ గదిని పీల్చి ఊరుకుంటుంది. తలుపు కింద ఒకటిన్నర సెంటీమీటర్ల సందు ఉండాలి, లేదా తలుపు కింది భాగంలో జాలీ పెట్టించాలి. పరీక్ష తేలిక: తలుపు మూసి, ఫ్యాన్ వేసి, ఒక టిష్యూ పేపర్‌ని ఫ్యాన్ జాలీ దగ్గర వదలండి. అతుక్కుని నిలబడాలి. నిలబడకపోతే తలుపు రెండంగుళాలు తెరిచి మళ్లీ చూడండి. ఇప్పుడు నిలబడిందంటే లోపం దారిది, ఫ్యాన్‌ది కాదు.

రెండోది, వెనక ఫ్లాపులు. గాలి తోసినప్పుడు లేచి, ఆగినప్పుడు పడిపోవాల్సిన ఆ పల్చటి ప్లాస్టిక్ రేకుల మీద తేమా దుమ్మూ కలిసి గట్టి పేస్టులా పేరుకుంటుంది. ఒక్కో రేకు కీలు దగ్గర బిగుసుకుపోయి సగమే లేస్తుంది. ఫ్యాన్ మోత మాత్రం మామూలుగానే ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లతో రుద్ది, తుడిచి ఆరనివ్వాలి. ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా వానలకి ముందు మే నెలలో. మోటారు మీద నీళ్లు చల్లొద్దు.

మూడోది షాఫ్ట్. పాత అపార్ట్‌మెంట్లలో నాలుగైదు అంతస్తుల బాత్‌రూములన్నీ ఒకే ఇరుకు డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. పైన రేకులు కప్పేసినా, పావురాల కోసం వల కట్టి అది దుమ్ముతో నిండిపోయినా ఆ డక్ట్‌లో గాలి కదలదు. మీరు తోసిన తేమ పై ఇంటి కిటికీలోంచి లోపలికి, వాళ్లది మీ ఇంట్లోకి. ఇది ఒక ఇల్లు సరిచేసుకోగలిగేది కాదు, అసోసియేషన్ మీటింగులో పెట్టి వల కడిగించాలి, రేకులుంటే పక్కల గాలి పోయేలా లేపించాలి. అంతవరకు టవల్‌ని బాత్‌రూంలో ఉంచకపోవడమే తెలివైన పని. స్నానం అయ్యాక ఫ్యాన్ మరో ఇరవై నిమిషాలు తిరగాలి, ఎలక్ట్రీషియన్‌తో టైమర్ స్విచ్ పెట్టించుకుంటే ఆపడం మర్చిపోయే బెడద ఉండదు.

పాత జిడ్డు వదిలించడం

ఇప్పటికే ముక్కిపోయిన టవల్‌కి మామూలు ఉతుకుడు చాలదు, ఒకసారి లోతుగా శుభ్రం చేయాలి. వెనకటికి రజకులు చవుడు నీళ్లలో ముంచి ఉబ్బకి వేసినప్పుడు జరిగింది కూడా ఇదే: క్షారం జిడ్డుని వదిలించేది, ఆవిరి సూక్ష్మజీవుల్ని చంపేది. ఇప్పుడు మనకి కావలసినవి మూడు: 60 డిగ్రీల వేడినీళ్లు, ఆక్సిజన్ బ్లీచ్, చివర్లో కొంచెం ఆమ్లం.

ఆక్సిజన్ బ్లీచ్ అంటే సోడియం పర్‌కార్బనేట్. పొడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మరకలు తీసే కొన్ని పౌడర్లలో ముఖ్యమైన సరుకు ఇదే, అట్ట వెనక చూసి కొనండి. నీళ్లలో పడగానే ఇది చాకలి సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. మొదటిది జిడ్డు పని పడుతుంది, రెండోది సూక్ష్మజీవుల పని, వాసన పని. రంగు నూలుకి మామూలుగా ప్రమాదం లేదు, అయినా ముదురు ఎరుపు, ఇండిగో ఉంటే ముందు ఒక మూల పరీక్షించాలి. పట్టు, ఉన్నికి వద్దు.

గీజర్ నీళ్లు 10 లీటర్లు ఒక బకెట్‌లో పట్టండి. రెండు పెద్ద టవల్స్‌కి ఇది కొలత, మూడోది ఇరికించొద్దు. రబ్బరు గ్లౌజులు వేసుకుని 30 గ్రాముల పర్‌కార్బనేట్, అంటే రెండు టేబుల్ స్పూన్లు, నీళ్లలో పూర్తిగా కరిగించి, అప్పుడు టవల్స్ ముంచాలి. పొడిని నేరుగా గుడ్డ మీద చల్లితే ఆ చోట రంగు తేలిపోవచ్చు. పైన మూతలా ఒక ప్లేటు పెట్టి నాలుగు గంటలు వదిలేయండి. బకెట్‌ని గాలి పోకుండా బిగించొద్దు, మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి మూత పెట్టొద్దు, ఆక్సిజన్ వాయువు ఒత్తిడికి సీసా పగలొచ్చు. గంటలోనే నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగితే భయపడక్కర్లేదు, అదంతా మీరు ఉతికాం అనుకున్న టవల్‌లోంచి వచ్చిందే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బోరు నీళ్లలో సోడా పడితే నీళ్లలోని కాల్షియం సుద్దలా విడిపోయి పోగుల్లో దిగుతుంది. టవల్ శుభ్రమవుతుంది కానీ ఆరాక అప్పడంలా బిర్రుగా అవుతుంది. కుదిరితే మంజీరా నీళ్లు వచ్చే రోజున ఈ పని పెట్టుకోండి. కుదరకపోతే చివరి జాడింపు తప్పనిసరి: ముందు టవల్స్‌ని పిండి, సగం కొలత డిటర్జెంట్‌తో మెషిన్‌లో ఉతికి, రెండుసార్లు మామూలు నీళ్లతో జాడించాక, 10 లీటర్ల నీళ్లలో రెండు టీస్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి పది నిమిషాలు ముంచి తీయాలి. 400 కాఠిన్యం ఉన్న 10 లీటర్ల నీళ్లలోని సున్నాన్ని కరిగించి ఉంచడానికే 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్, ఖర్చయిపోతుంది. పోగుల్లో ఉన్న సుద్ద పోవాలంటే రెండోది కావాలి. నిమ్మ ఉప్పు లేకపోతే 200 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్. ఆ తర్వాత మంచి నీళ్లతో ఒకసారి జాడించి, గట్టిగా పిండి, రెండు కొసలు పట్టుకుని దులిపి ఆరేయండి. దులిపితే అణిగిన లూపులు లేస్తాయి, గాలి తగులుతుంది, టవల్ త్వరగా ఆరుతుంది.

ఫ్రంట్ లోడ్ మెషిన్ ఉన్నవాళ్లు బకెట్ లేకుండానే డ్రమ్‌లో పర్‌కార్బనేట్ వేసి, కాటన్ 60 డిగ్రీల ప్రోగ్రాం పెట్టి, డ్రమ్ మూడొంతులకి మించి నింపకుండా ఉతకొచ్చు. 15 నిమిషాల క్విక్ వాష్‌లో నీళ్లు వేడెక్కేలోపే పని అయిపోతుంది, టవల్స్‌కి అది దండగ. టాప్ లోడ్ మెషిన్లు చాలావాటిలో హీటర్ ఉండదు. బకెట్‌లో నానబెట్టడం బయట చేసి, ఉతకడానికే మెషిన్ వాడండి. గీజర్ నీళ్లు నేరుగా పోసేముందు మాన్యువల్‌లో ఎంత వేడి దాకా అనుమతించారో చూడండి.

నల్లచుక్కల బూజు తెల్ల నూలు టవల్ మీద ఉంటే క్లోరిన్ బ్లీచ్ వాడాలి: 10 లీటర్ల చన్నీళ్లలో 50 మిల్లీలీటర్లు, పావుగంట, ఆ తర్వాత మూడుసార్లు జాడింపు. రంగు టవల్‌కి ఇది వద్దు. క్లోరిన్ బ్లీచ్‌తో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. మూసిన బాత్‌రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. క్లోరిన్ బ్లీచ్ పనీ, నిమ్మ ఉప్పు జాడింపూ ఒకే రోజు పెట్టుకోకపోవడమే మంచిది.

వంటసోడా, వెనిగర్ కలిపి పోయమనే చిట్కా వీడియోల్లో తెగ తిరుగుతోంది. పొంగు చూడటానికి బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్లే. డెట్టాల్ మూతలు పోయడం వల్ల సూక్ష్మజీవులు కొన్ని తగ్గొచ్చు కానీ వాటి మేత అక్కడే ఉంటుంది. సాంబ్రాణి పొగ, బీరువాలో కలరా ఉండలు వాసన మీద వాసన వేస్తాయి, అంతే. పండగ పూట ఇల్లంతా సాంబ్రాణి వేయండి, టవల్ కోసం మాత్రం వద్దు.

మెషినే ముక్కిపోతే

లోతుగా శుభ్రం చేసిన టవల్ మొదటి ఉతుకుడుకే మళ్లీ వాసన తెస్తే మెషిన్ వైపు చూడాలి. ఫ్రంట్ లోడ్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు గ్యాస్కెట్ కింది పెదవిని వేలితో వెనక్కి లాగి చూడండి. నిలిచిన నీళ్లు, వెంట్రుకలు, నల్లటి జిగురు ఉంటాయి. తుడిచి, ఉతుకుడు లేనప్పుడు తలుపు ఓరగా తెరిచి ఉంచాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో చైల్డ్ లాక్ సంగతి చూసుకుని. కింద ముందువైపు చిన్న మూత వెనక డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది. పళ్లెం పెట్టి తిప్పి తీస్తే వచ్చే నీళ్ల వాసనే మీ టవల్ వాసన అని గుర్తుపడతారు. నెలకోసారి ఖాళీ డ్రమ్‌తో, మెషిన్‌లో ఉన్న అత్యంత వేడి ప్రోగ్రాంలో, డీస్కేల్ పౌడర్ వేసి తిప్పాలి.

మన యుటిలిటీ బాల్కనీల్లో ఇంకో దోషం ఉంటుంది: డ్రెయిన్ గొట్టాన్ని నేల ట్రాప్‌లోకి బారెడు తోసేయడం. కొస ట్రాప్ నీటి మట్టాన్ని దాటి మురుగు పైపులోకి వెళ్లిపోతే ఆ గాలి గొట్టంలోంచే మెషిన్‌లోకి వస్తుంది, ఒక్కోసారి ఉతికిన నీళ్లు కూడా వెనక్కి తన్నుతాయి. కొస ఒక జానెడుకి మించి లోపలికి పోకుండా, గొట్టం మాన్యువల్ చెప్పిన ఎత్తుకి లేచి దిగేలా క్లిప్పుతో కట్టండి.

ఉతుకుడు అయ్యాక టవల్స్‌ని డ్రమ్‌లో వదిలేసి ఆఫీసుకి పోవద్దు. అరగంటలో తీయాలి, లేదా డిలే స్టార్ట్ పెట్టుకుని ఇంటికి వచ్చే వేళకి పూర్తయ్యేలా చూసుకోవాలి. తడి టవల్‌ని విడిచిన బట్టల బుట్టలో వేయడం ఇంకో పాత అలవాటు, మూడు రోజుల్లో బుట్టంతా ముక్కుతుంది. ఆరాకే బుట్టలోకి.

ఎంత తరచుగా, ఏ టవల్

వానాకాలంలో మూడు, నాలుగు వాడకాలకి ఒకసారి ఉతకాలి, ఎండాకాలంలో వారం వాడినా పెద్దగా ఇబ్బంది ఉండదు. 60 డిగ్రీల ఉతుకుడు రెండు వారాలకోసారి చాలు, ప్రతిసారీ అక్కర్లేదు. పౌడర్ ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అన్నది తప్పు. రెండో జాడింపులో కూడా నురగ కనిపిస్తే మోతాదు మూడో వంతు తగ్గించండి. టవల్స్‌ని వేరేగా, ఎక్స్‌ట్రా రిన్స్‌తో, అత్యధిక స్పిన్ వేగంతో తిప్పండి. మెషిన్ తీసే ప్రతి చెంచా నీరూ మీ బాల్కనీ గాలి మోయనక్కర్లేనిది.

కొనేటప్పుడు హోటల్ టవల్ లాంటి 600, 700 జీఎస్ఎం దళసరి సరుకు చేతికి బాగుంటుంది, ఆగస్టులో మాత్రం శిక్ష. బాత్‌రూంలో కిటికీ లేని ఇంటికి 350 నుంచి 450 చాలు. షోలాపూర్ టెర్రీ (లూపులున్న) టవల్స్ ఈ బరువులో దొరుకుతాయి. ఆ మగ్గాల వెనక తరాల కిందట తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల చెయ్యి చాలా ఉంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఒకే గదిలో నలుగురు, ఒకే కిటికీ ఉన్నచోట టెర్రీయే వద్దు. రెండు పల్చటి నూలు తువ్వాళ్లు కొనుక్కుని రోజు మార్చి రోజు వాడితే, ఫ్యాన్ కింద మంచం కడ్డీ మీద రెండు మూడు గంటల్లో ఆరిపోతాయి. సబ్బుతో చేత్తో ఉతకడం కూడా ఐదు నిమిషాల పని.

రెండుసార్లు లోతుగా శుభ్రం చేశాక కూడా చుక్క నీళ్లు ఇంకకపోతే, లేదా బూజు చుక్కలున్న చోట గుడ్డ చేత్తో లాగితే చిరిగిపోతుంటే, ఆ టవల్ పని అయిపోయినట్టే. దాన్ని నాలుగు ముక్కలు చేసి బండి తుడవడానికి పెట్టుకోండి.